రేవల్చిన్ని: వేరులో మందు, కాడలో పులుపు, ఆకులో విషం

ఆయుర్వేద, యునానీ మూలికలు అమ్మే పాత కొట్లలో రేవల్చిన్ని అని అడిగితే, పసుపు కొమ్ముకంటే లావుగా, పైన గోధుమ రంగు పొడి అంటుకుని ఉన్న ఎండు వేరు ముక్కను తీసి ఇస్తారు. దాన్ని విరిస్తే లోపల నారింజ ఛాయ కలిసిన పసుపు రంగు, మధ్యమధ్య తెల్లటి గీతలు కనిపిస్తాయి. చిన్న పలుకు నోట్లో వేసుకుని నమిలితే ముందు చేదు, ఆ వెంటనే వగరు తగులుతాయి. పళ్ల మధ్య ఇసుక పడ్డట్టు కరకరలాడుతుంది, ఉమ్మి పచ్చబడుతుంది. ఆ కరకరకు కారణం వేరు కణాల్లో పేరుకున్న కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అసలు సరుకేదో నకిలీ ఏదో తేల్చడానికి మందుల పరీక్షకులు ఎంతోకాలం నమ్ముకున్నవి ఈ గుర్తులనే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వసంతకాలంలో కూరగాయల అంగడిలో ఎర్రటి కాడల కట్టలుగా చూసే రూబార్బ్, ఈ వేరు పుట్టిన మొక్కకు దగ్గరి చుట్టం.

రేవల్చిన్ని అన్న పేరులోనే ఈ మొక్క ప్రయాణం దాగి ఉంది. పర్షియన్‌లో రేవంద్ అంటే ఈ వేరు, చీనీ అంటే చైనాది. ఆ రెండూ కలిసిన రేవంద్‌చీనీ యునానీ వైద్యం వెంట దక్షిణాదికి వచ్చి తెలుగు నోట రేవల్చిన్ని అయింది. దాల్చినచెక్కలో ఉన్నదీ ఇదే చీనీ. అది కూడా పర్షియన్ వర్తకులు పెట్టిన పేరే. ఐరోపా భాషల్లోని రూబార్బ్ మరో దారిలో వెళ్లిన మాట. వోల్గా నదికి ప్రాచీనుల పేరు ‘రా’. ఆ నదికి అవతలి పరాయి నేలల నుంచి వచ్చే వేరు కనుక లాటిన్‌లో దాన్ని రాబార్బరం అన్నారు. అంటే తూర్పున చైనా పేరుతో, పడమట పరాయిల పేరుతో పిలిచారు తప్ప, ఈ మొక్కను తమదిగా చెప్పుకున్నవారు ఈ రెండు పేర్లలోనూ లేరు.

దీని గురించి జరిగే పొరపాట్లన్నీ ఒక్క చోటే మొదలవుతాయి. రూబార్బ్ మంచిదా, చెడ్డదా, మందా, కూరా అని మొక్క మొత్తాన్ని ఒకే వస్తువుగా పట్టుకుని అడుగుతారు. వేరును మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా మందుగా వాడుతున్నారు. కాడను ఐరోపావాసులు పెద్ద ఎత్తున తినడం మొదలుపెట్టి రెండు వందల ఏళ్లు దాటిందంతే. ఆకును తినకూడదు. ఏ జాతి, ఏ భాగం, ఎంత వయసు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఈ మొక్క గురించి చెప్పే ఏ మాటా నిలవదు.

వృక్షశాస్త్రంలో ఇది రియమ్ ప్రజాతి. ఇందులో సుమారు 60 జాతులున్నాయి, ఎక్కువ భాగం మధ్య, తూర్పు ఆసియా చల్లని కొండల్లో పెరుగుతాయి. ఈ ప్రజాతి చేరే పాలిగోనేసీ కుటుంబం తెలుగువారికి బాగా తెలిసిన కుటుంబమే, ఎందుకంటే మన చుక్కకూర అందులోదే. ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండి కూడా ఈ కుటుంబపు గింజల నుంచే వస్తుంది. గోంగూర మాత్రం ఎంత పుల్లగా ఉన్నా వీటికి చుట్టం కాదు, అది మందార కుటుంబానికి చెందింది. చుక్కకూర కట్టలో ముదిరిన కొమ్మ ఒకటి దొరికితే ఈ కుటుంబపు ఆనవాలును కంటితోనే చూడవచ్చు: ఆకు కాండాన్ని తాకే కణుపు దగ్గర, కాండాన్ని చుట్టి పట్టుకున్న పల్చని పొర ఒకటి తొడుగులా ఉంటుంది. రూబార్బ్ పూకాడ మీదా అదే తొడుగు, మరింత పెద్దదిగా కనిపిస్తుంది. కాయలోనూ పోలిక ఉంది, కానీ ఆ పోలిక కొంత మోసపూరితం. చుక్కకూర గింజను చుట్టి ఉండే గులాబీ రంగు కాగితపు రెక్కలు పూరేకులే, పూత అయ్యాక పెద్దవై కాయను కప్పుతాయి. రూబార్బ్‌లో అయితే కాయ ఒంటికే మూడు రెక్కలు మొలుస్తాయి. పువ్వు విప్పి కేసరాలు లెక్కిస్తే చుక్కకూరలో ఆరు, రూబార్బ్‌లో తొమ్మిది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కేసరాల లెక్కతో మొక్కలను వర్గీకరించినప్పుడు రియమ్‌ను తొమ్మిది కేసరాల తరగతిలో చేర్చింది ఈ కారణంగానే.

చుట్టరికాన్ని శాస్త్రవేత్తల కంటే ముందు నాలుక పసిగట్టింది. సంస్కృతంలో చుక్రం అంటే పులుపు, పుల్లని ఆకు. ప్రాకృతపు తీరులో అది చుక్క అవుతుంది. చుక్కకూరలోని చుక్కకు ఆకాశంలోని చుక్కతో కాక ఈ మాటతోనే సంబంధం అనుకోవడం సబబు. హిందీలో అదే కూర చూకా. హిమాచల్ కొండల్లో అడవి రూబార్బ్‌ను చుక్రీ అంటారు. 1840ల చివర సిక్కింలో తిరిగిన బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్, అక్కడి కొండవాసులు ఒక రూబార్బ్ జాతి కాడలను పుల్లగా ఉంటాయని ఇష్టంగా తింటారనీ, దాన్ని ‘చుకా’ అంటారనీ రాశాడు. చుక్కకూర తినే జనానికి ఈ మొక్క మరీ పరాయిది కాదనడానికి ఈ పేర్ల వరుస చాలు.

మొక్క తీరు దాని పుట్టిల్లు చూస్తే అర్థమవుతుంది. ఏడాదిలో సగం మంచు కప్పి ఉండే చోట పైన ఏదీ మిగలదు కనుక, ఆస్తి అంతా నేల కింద లావుపాటి దుంపవేరులో దాచుకుంటుంది. చలికాలం మొత్తం నిద్రపోయి, మంచు కరగగానే ఎర్రటి మొగ్గలను నేల చీల్చుకుంటూ పైకి పంపుతుంది. వాటి నుంచి మూరెడు పొడవు కాడల మీద చేటంత ఆకులు విచ్చుకుంటాయి. చలి ఆ మొగ్గలకు మేల్కొలుపు సంకేతం. 4, 5 డిగ్రీల కంటే దిగువ చలి కొన్ని వారాలపాటు తగలకపోతే మొగ్గ సరిగా లేవదు. వేసవి సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటితే ఆకు వడలి కాడ సన్నబడుతుంది. లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి పడినా, హైదరాబాద్ పెరట్లో డిసెంబర్ ఎంత చల్లగా అనిపించినా, ఆ లెక్క కుదరదు. తెలుగు నేల మీద ఈ మొక్కను ఎండు వేరుగా తప్ప పచ్చగా చూడకపోవడానికి కారణం ఇదే.

తోట రూబార్బ్ గురించి చెప్పేముందు దాని అడవి బంధువులు రెండింటి దగ్గర కాసేపు ఆగాలి. మొదటిది హుకర్ రాసిన ఆ చుకా, శాస్త్రీయంగా రియమ్ నోబైల్. సిక్కిం, నేపాల్, భూటాన్, టిబెట్‌లలో 4,000 మీటర్ల పైన, చెట్టన్నది లేని రాతి వాలుల మీద మనిషెత్తు స్తంభంలా నిలబడుతుంది. లాచెన్ లోయలో 14,000 అడుగుల ఎత్తున నల్లటి కొండ చరియల మీద ఈ స్తంభాలు మైలు దూరం నుంచే కనబడతాయని హుకర్ రాశాడు. స్తంభాన్ని కప్పి ఉండే లేత మీగడ రంగు పలకలు పూరేకులు కావు, పూలగుత్తులను దాచే ఆకుల వంటి పుష్పపుచ్ఛాలు. పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. వాటిలో పత్రహరితం లేదు కనుక వెలుగు లోపలికి దిగుతుంది. అతినీలలోహిత కిరణాలను మాత్రం వాటిలోని ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు పీల్చేస్తాయి. ఫలితంగా బయట గాలి కోసేస్తున్నా లోపల కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, పుప్పొడి వానకు తడవదు, ఎండకు చెడదు. ఆ వెచ్చదనంలోకి వచ్చే సన్నని దోమల్లాంటి పురుగులు పరాగాన్ని మోస్తాయి, అక్కడే గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు కొన్ని గింజలను తింటాయి. మొక్క ఆ నష్టాన్ని కూలిగా చెల్లిస్తుందన్న మాట. ఏళ్ల తరబడి నేలకు అంటుకున్న ఆకుల గుబురుగా ఉండి, ఒక్క వేసవిలో స్తంభమై లేచి, గింజలు రాల్చి, మొక్క మొత్తం చచ్చిపోతుంది.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు వాతావరణంలో, ఇజ్రాయెల్, జోర్డాన్ ఎడారుల్లో పెరిగే రియమ్ పాలెస్టినమ్. ఏడాదికి 75 మిల్లీమీటర్ల వాన కూడా అరుదైన చోట, చిన్న చిన్న ఆకుల మొక్కల మధ్య ఇదొక్కటే ముప్పాతిక మీటరు వెడల్పు ఆకులతో నేల మీద పరచుకుని ఉంటుంది. ఎడారిలో పెద్ద ఆకు అంటే నీటిని వృథా చేసుకోవడమే. అయినా ఎలా బతుకుతోందో హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించారు: ఆకు మీద మైనపు పూత ఉన్న మిట్టలూ కాలువలూ ఉన్నాయి, వాన చినుకు ఎక్కడ పడినా ఆ కాలువల వెంట జారి తిన్నగా వేరు మొదట్లోకి చేరుతుంది. ఆ విధంగా మొక్క తనకు అందే 75 మిల్లీమీటర్ల వానను 400 మిల్లీమీటర్లు దాటిన వానతో సమానం చేసుకుంటుంది. ఒకే ప్రజాతిలో ఒక మొక్క ఆకును ఇంటి కప్పుగా, మరొకటి చెరువు కాలువగా మార్చుకుంది. ఇంతటి ప్రజాతిని తీపి వంటకాల ముడిసరుకుగానే తలుచుకోవడం అన్యాయం.

వేరు దగ్గరికి వస్తే, చైనా వైద్యంలో దీని పేరు దాహువాంగ్, అంటే మహాపీతం, గొప్ప పసుపు. మందుగా పేరున్నవి అక్కడి రియమ్ పాల్మేటమ్, టాంగూటికమ్, అఫిసినేల్ జాతులు. మన హిమాలయాల్లో 3,000 మీటర్ల పైన దొరికేది రియమ్ ఆస్ట్రేల్, పాత పుస్తకాల్లో రియమ్ ఎమోడి. గ్రీకు భూగోళవేత్తలు హిమాలయాలను ఎమోడస్ అన్నారు. ఎమోడి అన్న పేరు అందులోంచి, ఎమోడిన్ అన్న రసాయనం పేరు ఎమోడిలోంచి వచ్చాయి. వేరు పసుపుకూ దాని మందు గుణానికీ మూలం ఎమోడిన్, రీన్, క్రైసోఫనాల్ వంటి, ఆంత్రాక్వినోన్లు అనే రసాయనాలు. సునాముఖి ఆకులో ఉండే సెన్నోసైడ్లు కూడా ఈ వేరులో ఉన్నాయి. రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలు ఒకే పనికి ఒకే రకం పదార్థాన్ని ఇవ్వడం యాదృచ్ఛికమే అయినా, వైద్యులు రెండింటినీ విరేచనానికే వాడటం యాదృచ్ఛికం కాదు.

ఆ పని జరిగే తీరు గమనించదగ్గది. ఈ పదార్థాలు చక్కెర అణువులతో ముడిపడి ఉంటాయి కనుక కడుపులోనూ చిన్న పేగులోనూ పెద్దగా ఇంకవు, మార్పు లేకుండా పెద్ద పేగు దాకా వెళ్తాయి. అక్కడి సూక్ష్మజీవులు ఆ ముడి విప్పి రీన్ ఆంత్రోన్ అనే పదార్థంగా మారుస్తాయి. అది పేగు గోడను కదలిస్తుంది, నీరు తిరిగి ఒంట్లోకి పోకుండా ఆపుతుంది. రాత్రి వేసుకున్న మందు తెల్లవారాక పనిచేయడానికి ఆ దూరమే కారణం. అయితే ఈ వేరులో వగరు ఇచ్చే టానిన్లూ ఉన్నాయి, అవి బిగుసుకునేలా చేస్తాయి. అందుకే చిటికెడు వేరు విరేచనాలను కట్టడానికీ, ఎక్కువ మోతాదు విరేచనం చేయించడానికీ పాత వైద్యులు వాడారు. పెద్ద మోతాదు పనిచేసి తగ్గాక మళ్లీ మలబద్ధకం రావడమూ ఇందువల్లే. రోజూ వాడితే పేగు దానికి అలవాటు పడుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, పేగు లోపలి పొర నల్లబడుతుంది. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు దీన్ని సొంతంగా వాడకూడదు. ‘సహజమైనది కనుక హాని లేదు’ అన్న మాట ఈ వేరు విషయంలో వర్తించదు.

మోకాళ్ల అరుగుదలకు మన దగ్గర ఎముకల వైద్యులు రాసే డయాసెరీన్ మాత్ర కూడా ఈ కథలోదే. అది ఒంట్లోకి వెళ్లాక రీన్‌గా మారి పనిచేస్తుంది. ఆ మాత్ర వేసుకున్న కొందరికి విరేచనాలు పట్టుకోవడం, మూత్రం ముదురు పసుపుకు తిరగడం చూసి కంగారు పడతారు. రేవల్చిన్ని వేరు గుణాలు తెలిసినవారికి ఆ రెండూ వింతగా తోచవు. 2014లో హార్వర్డ్ పరిశోధకులు విద్యుత్తును ద్రవంలో నిల్వచేసే బ్యాటరీ ఒకటి తయారుచేస్తే, అందులో వాడిన ఆంత్రాక్వినోన్ రూబార్బ్‌లోని పదార్థానికి దగ్గరి అణువే.

లడఖ్, టిబెట్ ప్రాంతాల్లో ఈ వేరుతో ఉన్నికి పసుపు రంగు అద్దుతారు. ఆ పసుపు మీద క్షారం పడితే ఎర్రగా మారుతుంది. ఆంత్రాక్వినోన్లు ఉన్నాయో లేదో ప్రయోగశాలలో తేల్చే పరీక్ష కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే ఇళ్లలో దీన్ని వేరే వివరించనక్కర్లేదు. రసాయనాలు వేరైనా, కంటికి కనిపించే మార్పు ఒకటే.

ఈ వేరు కోసం ప్రపంచం పడిన పాట్లు చాలా ఉన్నాయి. మార్కో పోలో చైనా వాయవ్యపు కొండల్లో రూబార్బ్ విస్తారంగా దొరుకుతుందని రాశాడు. 15వ శతాబ్దపు తొలి ఏళ్లలో సమర్‌ఖండ్ వెళ్లిన స్పెయిన్ రాయబారి క్లావిహో, చైనా నుంచి వచ్చే సరుకుల్లో పట్టు, కస్తూరి, రత్నాల సరసన దీన్ని లెక్కించాడు. 1727 ఒప్పందం తర్వాత రష్యా, చైనా సరిహద్దులోని క్యాఖ్తా పట్టణంలో బుఖారా వర్తకులు తెచ్చిన వేరును రష్యా ప్రభుత్వ ఔషధకారుడు ముక్క ముక్కకూ రంధ్రం చేసి చూసేవాడు. లోపల పుచ్చినదీ నల్లబడినదీ తగలబెట్టేవారు. ఆ కఠినత్వం వల్లే రష్యన్ రూబార్బ్‌కు ఐరోపాలో ఎనలేని ధర పలికింది. దక్షిణ చైనాలోని కాంటన్ రేవు నుంచి ఓడల్లో వచ్చిన సరుకు దానికంటే చవక. 1839లో నల్లమందు వ్యాపారాన్ని ఆపడానికి వచ్చిన చైనా అధికారి లిన్ జెషూ, విక్టోరియా రాణికి రాసిన లేఖలో తేయాకు, రూబార్బ్ లేకుండా పరదేశీయులు ఒక్క రోజు కూడా ఉండలేరన్నాడు. అది అతిశయోక్తే కానీ, మలబద్ధకంతో బాధపడే ఐరోపా ఆ వేరుకు చెల్లించిన ధర చూసినవారికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అంత ధర పెట్టలేక బ్రిటన్ ఈ మొక్కను తన గడ్డ మీదే పెంచాలనుకుంది. రష్యా ఆస్థాన వైద్యుడిగా పనిచేసిన జేమ్స్ మౌన్సీ పంపిన పాల్మేటమ్ గింజలను ఎడిన్‌బరో వృక్షోద్యానంలో జాన్ హోప్ మొలకెత్తించి, 1765లో వివరాలు ప్రకటించాడు. బాగా పెంచినవారికి లండన్‌లోని కళల సంఘం పతకాలు ఇచ్చింది. కానీ చైనా కొండల్లో ముదిరిన వేరుకున్న సత్తువ ఈ తోటల వేరుకు రాలేదు. పైగా రియమ్ జాతులు పక్కపక్కన ఉంటే సులువుగా సంకరమవుతాయి, గింజ నుంచి తల్లి లాంటి పిల్ల రాదు. మందు కోసం పెంచిన మొక్కలు అలా మందుకు కొరగాకుండా తోటల్లో మిగిలాయి. చక్కెర సామాన్యుడికి అందే ధరకు దిగిన కాలమూ అదే కావడంతో, ఆ సంకరాల పుల్లని కాడలను చక్కెరతో ఉడికించి తినడం వ్యాపించింది. వేరు కోసం నాటిన మొక్క కాడ కోసం నిలబడింది.

1810 ప్రాంతంలో జోసెఫ్ మయాట్ అనే లండన్ కూరగాయల రైతు ఐదు కట్టల కాడలు సంతకు పంపితే మూడే అమ్ముడయ్యాయని చెబుతారు. ఆ తర్వాత ఆయన తోటలో వచ్చిన విక్టోరియా రకాన్ని ఇప్పటికీ పండిస్తున్నారు. 1810లలో లండన్‌లోని చెల్సీ ఔషధ ఉద్యానంలో పనివాళ్లు పొరపాటున కొన్ని మొక్కల మీద మట్టి పోస్తే, చీకట్లో పెరిగిన కాడలు మామూలు వాటికంటే లేతగా, గులాబీ రంగులో, తక్కువ పులుపుతో వచ్చాయి. ఆ పొరపాటు యార్క్‌షైర్‌లో ఒక పరిశ్రమ అయింది. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోత్‌వెల్ ఊళ్ల మధ్యనున్న ప్రాంతాన్ని రూబార్బ్ త్రికోణం అంటారు. 2010లో అక్కడి చీకటి రూబార్బ్‌కు ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది.

అక్కడ పంట తీసే పద్ధతి తెలుసుకోదగ్గది. మొదటి రెండేళ్లు మొక్కను పొలంలో వదిలేస్తారు, ఒక్క కాడ కూడా లాగరు. ఆకు చేసిన ఆహారమంతా పిండి పదార్థంగా దుంపవేరులోకి దిగాలి. దగ్గర్లోని ఉన్ని మిల్లుల వ్యర్థాన్ని పొలానికి ఎరువుగా వేసేవారు, ఉన్నిలో నత్రజని ఎక్కువ. చలికాలపు మంచు తగిలి నిద్ర పూర్తయ్యాక వేళ్లను పెళ్లగించి, కిటికీల్లేని పొడవాటి పాకల్లోకి చేర్చి, నేల మీద దగ్గర దగ్గరగా పేర్చి వెచ్చదనం ఇస్తారు. ఆ వెచ్చదనానికి కావలసిన బొగ్గు ఒకప్పుడు పక్క గనుల నుంచే వచ్చేది. మొగ్గ వసంతం వచ్చిందనుకుని లేస్తుంది. వెలుగు లేదు కనుక కిరణజన్య సంయోగక్రియ ఉండదు, వేరులోని పిండి చక్కెరగా మారి కాడలోకి ఎక్కుతుంది. ఆకు పసుపు రంగులో, ముడుచుకుని, పిడికెడంతే ఉంటుంది. మొగ్గ పొరలు పగిలే చిటపట శబ్దం నిశ్శబ్దంగా ఉన్న పాకలో చెవికి వినిపిస్తుంది. కోసేవారు కొవ్వొత్తులు గుచ్చి ఆ మసక వెలుగులోనే పనిచేస్తారు, వెలుగు ఎక్కువైతే కాడ పచ్చబడి ముదురుతుంది. కత్తి వాడరు, కాడను మొదట్లో పట్టి మెలిపెట్టి లాగుతారు. ఒక్క పంటకే వేరు సారం అయిపోతుంది, దాన్ని ఎరువు కుప్పలో వేస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా ఆర్డ్‌స్లీ స్టేషన్ నుంచి లండన్‌కు వారపు రోజుల్లో రాత్రిపూట రూబార్బ్ రైలు నడిచేది.

కాడ పండా, కూరగాయా అన్న వాదన కూడా ఒకటుంది. వృక్షశాస్త్రం ప్రకారం కాడ పండు కాదు. కానీ 1947లో అమెరికా కస్టమ్స్ కోర్టు, జనం దాన్ని పండులాగే వాడుతున్నారు కనుక సుంకం విషయంలో పండుగానే లెక్కించాలని తీర్పిచ్చింది. కాడ ఎరుపు దాని తీపికి గుర్తు కాదు. ఆ ఎరుపు ఆంతోసయనిన్లు అనే రంగు పదార్థాలది, పచ్చగా ఉన్న రకాలూ వండుకోవడానికి అంతే బాగుంటాయి.

ఇక ఆకు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆహార కొరత వల్ల బ్రిటన్‌లో రూబార్బ్ ఆకులను ఆకుకూరగా వండుకోమని సలహా ఇచ్చారు. తిన్నవారు కొందరు చనిపోయాక దాన్ని ఉపసంహరించుకున్నారు. దోషం ఆక్సాలిక్ ఆమ్లానిదని సాధారణంగా చెబుతారు. అది ఒంట్లోని కాల్షియంతో కలిసి కరగని స్ఫటికమై మూత్రపిండాల గొట్టాల్లో పేరుకుంటుంది. లెక్క వేస్తే ఆకులో ఈ ఆమ్లం దాదాపు అర శాతం. 60 కిలోల మనిషి ప్రాణానికి ముప్పు రావాలంటే సుమారు 5 కిలోల ఆకు తినాలి. పాలకూరలోనూ చుక్కకూరలోనూ ఆక్సలేట్లు తక్కువేమీ కావు. మరి ఈ ఆకే ఎందుకు ఇంత హాని చేసింది అన్న ప్రశ్నకు, ఆకులోని ఆంత్రాక్వినోన్ గ్లైకోసైడ్ల (చక్కెరతో ముడిపడిన ఆంత్రాక్వినోన్ల) మీద కూడా శాస్త్రవేత్తలకు అనుమానం ఉంది. తక్కువ తిన్నా నోరు, గొంతు మండటం, వాంతులు రావచ్చు కనుక ప్రాణం తీసే మోతాదు లెక్కలతో ధైర్యం తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

ఈ హెచ్చరిక తెలుగువారికి మరింత అవసరం. మన చుక్కకూర, గోంగూర అలవాటులో ఆకును వండి ముదురు కాడను పారేస్తాం. రూబార్బ్‌లో పారేయాల్సింది ఆకు, వండాల్సింది కాడ. అంగడిలో ఆకు కోసేసే అమ్ముతారు కనుక అక్కడ ప్రమాదం లేదు. విదేశాల్లో అద్దెకు తీసుకున్న ఇంటి పెరట్లో మొక్క ఉన్నప్పుడు, చేమాకులా పచ్చగా విశాలంగా కనబడే ఆ ఆకును చూసి చేయి వెళ్లకుండా చూసుకోవాలి. కాడ మాత్రం తెలుగు వంటలో తేలిగ్గా ఒదిగిపోతుంది. మామిడికాయ దొరకని ఊళ్లలో చాలామంది దాన్ని పప్పులో, పచ్చడిలో వాడుతున్నారు. అంగుళం ముక్కలు కోసి ఉడికిన కందిపప్పులో వేస్తే పది నిమిషాల్లో ముక్క నారలుగా విడిపోయి కలిసిపోతుంది. దాని పులుపు ఎక్కువగా మాలిక్ ఆమ్లానిది, పచ్చి ఆపిల్ పులుపు లాంటిది, చింతపండు కంటే పదునైనది, కనుక కొద్దిగా బెల్లం అడుగుతుంది. పూత లేని అల్యూమినియం, రాగి గిన్నెల్లో వండకూడదు, ఆమ్లం లోహాన్ని తింటుంది. పులుసు రాచ్చిప్పలోనే కాచాలన్న పాత పట్టింపులో ఉన్న జ్ఞానం ఇదే. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడినవారు కాడను కూడా మానుకోవడం లేదా వైద్యుడిని అడిగి తినడం మంచిది. మిగతావారు పెరుగుతో కలిపి తింటే పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేసుకుంటుంది, ఒంట్లోకి వెళ్లేది తగ్గుతుంది.

మన దేశపు మార్కెట్లో అసలు చిక్కు జాతుల కలగాపులగం. ఉసారే రేవంద్ అని యునానీ కొట్లలో దొరికే పసుపు జిగురు పేరులో రేవంద్ ఉన్నా, అది గార్సీనియా చెట్ల పాలు, రూబార్బ్‌కు సంబంధం లేని తీవ్రమైన విరేచనకారి. ఆయుర్వేదంలో చెప్పిన అమ్లవేతసం అనే మూలిక పేరిట ఉత్తరాది మార్కెట్లో హిమాలయ రూబార్బ్ ఎండు కాడలు అమ్ముడవుతాయి. చైనా జాతుల వేరును అడ్డంగా కోస్తే కనిపించే నక్షత్రపు మచ్చలు ఒక ఆనవాలు. తోట జాతి రాపాంటికమ్ వేరు కలిపి ఉంటే అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తుంది. పొడి చేసి పొట్లం కట్టాక మచ్చలు కనబడవు కనుక, వేరును ముక్కగా కొనడమే కొనేవాడికి రక్ష.

హిమాలయ జాతికి ఇంకో బాధ ఉంది. కాడ కోస్తే మరుసటి వేసవికి మళ్లీ వస్తుంది, వేరు తవ్వితే మొక్క పోతుంది. మందుకు పనికొచ్చే లావుకు ఆ వేరు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఉత్తరాఖండ్‌లో డోలు అనీ, హిమాచల్‌లో చుక్రీ అనీ పిలిచే ఈ మొక్క మేత బయళ్లలో పలుచబడటానికి ఈ తవ్వకాలే ముఖ్య కారణం. దీనికి పరిష్కారం యార్క్‌షైర్ తోటమాలికీ గఢ్వాల్ రైతుకూ తెలిసినదే. నాలుగైదేళ్ల మొక్కను ఆకు రాలిన కాలంలో తవ్వి, వేరు పైభాగాన్ని ఒక్కో ముక్కకూ కనీసం ఒక మొగ్గ మిగిలేలా పారతో చీల్చి, లావు వేరును మందుకు తీసుకుని, మొగ్గ ఉన్న ముక్కను నేలకు రెండు అంగుళాల లోతున మళ్లీ పాతిపెట్టాలి. ఆ ఏడాది, మరుసటి ఏడాది దాని కాడ తెంపకూడదు.